ఊరి పేరు ఉమ్మడి సొత్తు

కాశీబుగ్గ అను పేరులోనే కాశీ ఉన్నది. నీటి ఊటకు బుగ్గ అని తెలుగువారు పెట్టుకొన్న చల్లని మాటకు ముందు గంగాతీరమందలి పుణ్యక్షేత్రము పేరు చేర్చుకొని ఈ ఊరు పిలువబడుచున్నది. ఓరుగల్లులోను ఇదే పేరుగల పేట యొకటి కలదు. తాతల పేర్లు మనుమలకు పెట్టుకొన్నట్లే, ప్రసిద్ధ స్థలముల పేర్లు తమ ఊళ్లకు పెట్టుకొనుట మన దేశమున అనాదిగా సాగుచున్న ఆచారము. కాశీబుగ్గలో బస్సు దిగిన వాడెవ్వడును తాను వారణాసికి వచ్చితినని భ్రమపడడు. ఆ పేరు చూపి వానిచేతి సొమ్మును ఎవ్వరును తీసికొనరు. అది భక్తితో తెచ్చుకొన్న పేరు. దానివలన కాశికి వన్నె పెరిగినదే గాని తరిగినది లేదు. కాని ఇదే ఊరి వీథులలో, దీనికి జంటయైన పలాస పట్టణములో, ఇక్కడనుండి పోయిన జీడిపప్పు పొట్లములు అమ్ముడుపోవు దూరపు నగరముల అంగళ్లలో, ఆ పొట్లములపై అచ్చుపడుచున్న పేర్లను శ్రద్ధగా చదివినప్పుడు, ఒకరి పేరును మరియొకరు తీసికొనుటలో వేరొక విధముకూడ కలదని, అది తరతరముల వారి కష్టమును ఒక్క కాగితపు ముక్కతో తన పెట్టుబడిగా మార్చుకొను విధమని తెలిసికొనక తప్పదు.

హౌరా–చెన్నై మార్గమున పోవు రైలుబండి పలాస స్టేషనులో ఆగినంతనే జీడిపప్పు పొట్లముల బుట్టలతో అమ్మకందారులు పెట్టెలకడకు వచ్చుట ఈ దారిన ప్రయాణము చేసినవారందరును చూచినదే. ఎక్కడో వివాహమునకు పోవువారు, ఎక్కడనుండియో ఇంటికి మరలువారు, ఇక్కడ కొన్న పప్పును తమ వారికి పంచి, ఇది పలాసనుండి తెచ్చితిమని చెప్పుటలో ఒక తృప్తి పొందుచుండిరి. ప్రకటనలకు కాసు వెచ్చింపకయే ఆ విధముగా ఒక ఊరి పేరు దేశమందు వ్యాపించినది. నేడు హైదరాబాదులోను, విశాఖలోను, అంతకంటె దూరమునందున్న పట్టణములలోను ‘పలాస జీడిపప్పు’ అను బల్లలు కట్టిన దుకాణములు కనబడుచున్నవి. వానిలో కొన్నిటికి సరకు నిజముగా పలాసనుండియే పోవుచున్నది. కొన్నిటికి పలాసతో గల బంధము బల్లమీది అక్షరములతోనే ముగియుచున్నది. కొనువానికి ఈ రెంటికిని భేదము తెలిసికొను ఉపాయము లేదు.

ఆ పేరు దేనితో చేయబడినదో ఒక్కసారి తలచుకొనవలెను. జీడిమామిడి మన చెట్టు కాదు. బ్రెజిలు దేశమునందలి ఈ వృక్షమును పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు పశ్చిమతీరమునకు తెచ్చిరి. ఇసుక నేలలు కోసికొనిపోకుండ నిలుపుటకు పనికివచ్చిన ఆ చెట్టు, కాలక్రమమున తూర్పుతీరమున మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతములందలి ఇసుకనేలలలో కొబ్బరికి, పనసకు తోడుగా వేళ్లూనికొన్నది. ఈ ప్రాంతమునకు ఉద్దానమని పేరు; ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని ఇక్కడి పెద్దలు చెప్పుదురు. చెట్టు పరదేశమునుండి వచ్చినదైనను, ఈ నేల దానికి తనదైన కాపు నిచ్చినది. ఈ మనుష్యులు దానికి తమదైన పనితన మిచ్చిరి. పిక్కను కాల్చియో ఆవిరిలో ఉడికించియో, పెంకును పగులగొట్టి, లోని గింజను వేడిగదిలో ఆరబెట్టి, పైపొట్టు తీసి, గుండును బద్దను ముక్కను వేరుచేసి, పౌనుకు ఎన్ని గింజలు తూగునో ఆ లెక్కనుబట్టి 180, 240, 320 అని తరగతులుగా విభజించుట వరకు గల పనిలో అధికభాగము స్త్రీల చేతుల మీదుగా సాగినది. జీడిపెంకులోని నూనె తగిలినచోట చర్మము పొక్కిపోవును. ఆ నూనెతో నల్లబడిన వ్రేళ్ల పనితనమే, గింజ విరుగకుండ గుండుగా బయటికి తీయు ఆ నేర్పే, పలాస అను మూడక్షరములకు విలువ తెచ్చినది. ఆ స్త్రీల పేర్లు ఏ పొట్లముమీదను లేవు. వారికి మిగిలిన కీర్తి అంతయు ఆ ఊరి పేరులోనే దాగియున్నది.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. దేశములో పండెడి పిక్కలు దేశములోని కర్మాగారములకు చాలవు. అందుచేత టాంజానియా, ఐవరీకోస్టు, బెనిను మున్నగు ఆఫ్రికా దేశములనుండి ఓడలమీద పిక్కలు దిగుమతి యగుచున్నవి. పలాస పరిశ్రమయు వానిని వాడుచున్నది. ఇందు దోషమేమియు లేదని మొదటనే చెప్పవలెను. ఉద్దానమున పంట వేసవి నెలలది. టాంజానియా పంట మన పంట ముగిసిన పిమ్మట వచ్చును. ఏడాది పొడవున కూలివారికి పని చూపవలెనన్న యజమానికి వేరు దారి లేదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ తీరమును తాకి కొబ్బరి, జీడితోటలను కూకటివేళ్లతో పెకలించినప్పుడు, నాటిన మూడు నాలుగేండ్లకు గాని తొలికాపు కనబడని చెట్టును నమ్ముకొన్న రైతు చేతులు కట్టుకొని కూర్చున్నాడు. కర్మాగారము మాత్రము అట్లు కూర్చుండజాలదు. పరదేశపు పిక్క పలాసకు వచ్చుట అపచారము కాదు. అది వచ్చిన సంగతి పొట్లముమీద చెప్పకపోవుట, చెప్పకపోవుటయే గాక ఉద్దానపు తోటల చిత్రమును దానిపై అచ్చువేయుట అపచారము.

ఏలయన, కొనువాడు పలాస పేరునకు ఇచ్చెడి అదనపు రూపాయి ఎవనికి చెందవలెను అన్నదియే ఇందలి ధర్మప్రశ్న. పప్పు పనితనమునకు చెందవలసిన భాగము పలాసది, కాశీబుగ్గది. నేల రుచికి చెందవలసిన భాగము ఉద్దానపు రైతుది. ఈ రెండు భాగములును ఒకే పేరుక్రింద కలిసిపోయినందున, రైతు తన 80 కిలోల బస్తాను అమ్ముకొనబోయినప్పుడు ఓడలో వచ్చిన పిక్క ధర చూపి అతని ధరను తగ్గింతురు. అదే వ్యాపారి పప్పును అమ్మబోయినప్పుడు ఉద్దానపు పేరు చూపి ధరను పెంచును. కొనునప్పుడు ఒక పేరు, అమ్మునప్పుడు మరియొక పేరు. మద్దతు ధర కొరకు ఈ ప్రాంతపు రైతులు పలుమారులు రోడ్డెక్కుటకు మూలము ఈ రెండు పేర్ల నడుమ గల ఎడములోనే ఉన్నదని నా విశ్వాసము.

ఇట్టి బాధ మన ఒక్కరికే వచ్చినది కాదు. ద్రాక్షాసవములు తయారుచేయు దేశములు దీనిని మనకంటె ముందు అనుభవించినవి. అందుచేతనే ఆ కథ మనకు పాఠము కాదగినది. ఆస్ట్రేలియాలో కసెల్లా కుటుంబమువారు 2001లో ‘యెల్లో టెయిల్’ అను పేరుతో, కంగారూ జాతికి చెందిన చిన్న జంతువు బొమ్మతో ఒక వైనును అమెరికా విపణిలోనికి పంపిరి. అది విశేషముగా అమ్ముడుపోగా, అచిరకాలములోనే అక్కడి అంగళ్ల అరలన్నియు జంతువుల బొమ్మలుగల సీసాలతో నిండిపోయినవి. ఒకడు దారి వేయగా పదిమంది ఆ దారిన నడచుట వర్తకమునకు సహజమే. దానిని ఈర్ష్యతో చూడనక్కరలేదు. కాని అనుకరణము బొమ్మవద్ద నిలువక స్థలనామమువరకు వచ్చినప్పుడు కథ మారును. ఒక్క సంస్థ పేరు పోయినచో ఆ సంస్థ న్యాయస్థానమునకు పోగలదు. ఒక సీమ పేరు పోయినచో వేలకొలది చిన్నరైతుల పక్షమున ఎవరు పోవలెను?

ఫ్రాన్సుదేశమున షాంపేను సీమలో ఈ ప్రశ్న నిప్పురాజేసినది. 1910లో వానలును తెగుళ్లును ద్రాక్షపంటను తుడిచిపెట్టినవి. అక్కడి వ్యాపారులు కొందరు లువారు లోయనుండి, దక్షిణ ప్రాంతములనుండి చౌకద్రాక్షను, ద్రాక్షరసమును తెప్పించి, తమ సీమ పేరుతో సీసాలలో నింపి అమ్ముచుండిరి. 1911 జనవరిలో రైతులు త్రోవలో బండ్లనాపి పరాయి సీమ వైనును మార్ను నదిలో పారబోసిరి. ఏప్రిలునాటికి ఆయ్ పట్టణమున వ్యాపారుల భవనములు తగులబడినవి, సైన్యము దిగినది. దగ్ధమైన ఆ ఇండ్లను ఎవ్వరును మెచ్చుకొనజాలరు. అయినను ఆ రైతుల వేదన ఉద్దానపు రైతు వేదనకు తోబుట్టువనుటలో సందేహము లేదు: తన పంట పోయిన ఏడాదియందే తన పేరు ఇబ్బడిగా అమ్ముడుపోవుట ఏ రైతు చూచి సహింపగలడు? ఆ కలహమునుండియే క్రమముగా సీమల సరిహద్దులు గీయుట, ఆ సరిహద్దు లోపల పండినదానికే ఆ పేరు చెల్లునని శాసించుట మొదలైనవి. 1935లో దేశమంతటికిని చట్టము వచ్చినది, మరుసటి ఏడు షాంపేనునకు ఆ రక్షణ దొరకినది. సరిహద్దు గీయుటయు సులువుగా జరుగలేదు. ఔబ్ ప్రాంతమువారు తమను వెలివేసిరని 1911లోనే తిరుగబడగా, వారిని పూర్ణముగా చేర్చుకొనుటకు 1927 వరకు పట్టినది.

పేరునకు ముందు ఒక విశేషణము తగిలించి తప్పించుకొనవచ్చునను ఆశకూడ ఇంగ్లండులో పరీక్షకు వచ్చినది. స్పెయినుదేశపు నురుగు వైనును ‘స్పానిష్ షాంపేన్’ అను పేరుతో అమ్మిన సంస్థపై 1958లో వచ్చిన నేరారోపణ జూరీ ఎదుట నిలువలేదు. షాంపేను సంస్థలు వెనుదీయక సివిలు దావా వేసిరి. బోలింజరు వ్యాజ్యమని ప్రసిద్ధికెక్కిన ఆ కేసులో 1960లో గెలిచిరి. స్పానిష్ అను మాట ముందు చేర్చినంతమాత్రమున వంచన తొలగదని, ఒక సీమవారందరును కలిసి సంపాదించుకొన్న మంచిపేరును ఆ సీమవారు కలిసి కాపాడుకొనవచ్చునని ఆ తీర్పు సారాంశము. ‘పలాస రకము’, ‘పలాస క్వాలిటీ’ అను మాటలు పొట్లములపై కనబడిన ప్రతిసారియు ఈ తీర్పు మనకు జ్ఞప్తికి రావలెను.

మన దేశపు న్యాయస్థానములుకూడ మద్యపు పేర్లనుబట్టి మనకు రెండు హెచ్చరికలు చేసినవి. బెంగుళూరుకు చెందిన ఖోడే సంస్థ 1968లో ‘పీటర్ స్కాట్’ అను విస్కీని విపణికి తెచ్చినది. స్కాట్లండువారి సంఘము ఆ పేరుపై అభ్యంతరముతో రిజిస్ట్రారును ఆశ్రయించుట 1986లో గాని జరుగలేదు. 2008లో సుప్రీంకోర్టు ఖోడే పక్షమున తీర్పు చెప్పుచు, తెలిసియు ఇన్నేండ్లు ఊరకుండుటను ఒక ముఖ్యకారణముగా చూపినది. పేరు పోవుచుండగా చూచుచు కూర్చున్నవానికి తరువాత హక్కు మిగులదనునది ఇందలి మొదటి హెచ్చరిక. ఇక 2025 ఆగస్టులో ‘బ్లెండర్స్ ప్రైడ్’ యజమానులు ‘లండన్ ప్రైడ్’ అను పేరుపై మధ్యంతర నిషేధము కోరుచు చేసిన అప్పీలును అదే కోర్టు త్రోసిపుచ్చినది. నలుగురు వాడుకొను సామాన్యమైన మాటపై ఒక్కనికి గుత్తాధిపత్యము లేదని, గుర్తును ముక్కలుచేయక మొత్తముగా చూడవలెనని చెప్పినది. పోలిక ఉన్నంతమాత్రమున దొంగతనము కాదనునది రెండవ హెచ్చరిక. ఈ రెంటిని నేను సంతోషముతో అంగీకరింతును. జీడి అను మాటను ఎవ్వడును కట్టివేసికొనరాదు; పొట్లముపై ఆకుపచ్చరంగు వేయు హక్కు అందరిది. నా వాదము రంగులనుగూర్చి కాదు, ఊరి పేరునుగూర్చి.

అయితే ఈ ఊరి పేరు విషయమున ప్రపంచపు చట్టమే సమదృష్టితో లేదను సంగతి మన పాఠకులు గుర్తింపవలెను. 1995 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన, మేధోసంపత్తి హక్కులకు సంబంధించిన ట్రిప్స్ ఒప్పందము 22వ అధికరణము ప్రకారము సామాన్యవస్తువుల స్థలనామమును మరొకడు వాడినచో, కొనువారు మోసపోవుచున్నారని చూపవలసిన భారము బాధితునిపై ఉన్నది. కాని 23వ అధికరణము వైనులకును ఘాటుమద్యములకును ప్రత్యేకగౌరవ మిచ్చినది: అసలు పుట్టుకచోటు వ్రాసినను సరే, ‘రకము’, ‘శైలి’, ‘అనుకరణము’ అను మాటలు చేర్చినను సరే, ఆ పేరు వాడరాదు. ఫ్రాన్సుదేశపు ద్రాక్షరైతునకు గల ఈ కవచము ఉద్దానపు జీడిరైతునకు లేదు. మద్యమునకు దొరకిన మర్యాద అన్నమునకు, పప్పునకు, పండునకు దొరకకపోవుట ఏ న్యాయము? ఈ రక్షణను అన్ని వస్తువులకును విస్తరింపవలెనని మన దేశము ప్రపంచ వాణిజ్యసంస్థలో చాలకాలముగా కోరుచున్నది. ఆ కోరిక న్యాయమైనది, దానిని విడువరాదు.

ఇంట గెలువవలసినది మాత్రము మనమే. మన దేశమున భౌగోళిక సూచికల చట్టము 1999లో చేయబడి, 2003 సెప్టెంబరు 15నుండి అమలులో ఉన్నది. తిరుపతి లడ్డుకు 2009లోను, బంగినపల్లి మామిడికి 2017లోను, ఆత్రేయపురపు పూతరేకులకు 2023లోను ఆ గుర్తింపు వచ్చినది. మన శ్రీకాకుళము జిల్లాలోనే బుడితి కంచు, ఇత్తడి పనికి ఆ గౌరవము కలదు. మనకు మిక్కిలి దగ్గరి ఉదాహరణము గోవా. జీడిపండునుండి తీయు ఫెనీ మద్యమునకు గోవావారు 2009లోనే గుర్తింపు సంపాదించిరి. పరదేశపు పప్పు గోవా పేరుతో అమ్ముడుపోవుటను చూచి 2023లో గోవా జీడిపప్పునకును సంపాదించిరి. అదే చెట్టు, అదే పోర్చుగీసు చరిత్ర, అదే ఆఫ్రికా పిక్కల సమస్య, వారు కదలిరి. పలాసయు కదలవలెను. పీటర్ స్కాట్ కథ చెప్పినట్లు ఇట్టి పనిలో కాలమే శత్రువు.

ఆ కదలుట ఏ విధముగా ఉండవలెననుటలో నాకొక నిశ్చితాభిప్రాయము కలదు. తయారైన వస్తువు విషయమున ఉత్పత్తి, శుద్ధి, సిద్ధపరచుట అను పనులలో ఒక్కటి ఆ స్థలమున జరిగినను చాలునని మన చట్టము చెప్పుచున్నది. కావున ఆఫ్రికా పిక్కను ఇక్కడ కొట్టి తీసిన పప్పుకూడ పలాస పప్పేనని వాదింపవచ్చును. ఆహారపు పొట్లములకు సంబంధించిన నిబంధనలును, వస్తువు స్వభావమును మార్చు తయారీ ఎక్కడ జరిగెనో ఆ దేశమునే పుట్టిల్లుగా గణించుచున్నవి. చట్టము ఇచ్చిన ఈ సందును మనము అవకాశముగా తీసికొనక, నిజాయితీతో రెండు పేర్లుగా విడదీయవలెను. ఇక్కడి నేర్పుతో తయారైన ప్రతి పప్పునకు ‘పలాస’ అను పేరు చెల్లనిండు. ఇక్కడి తోటలలో పండినదానికి మాత్రమే ‘ఉద్దానం’ అను పేరు చెల్లవలెను. మొదటిది పనివారి కీర్తి, రెండవది రైతు కీర్తి. పిక్క ఏ దేశమునుండి వచ్చినదో ఒక్క పంక్తిలో వ్రాసినంతమాత్రమున పలాస గౌరవము తగ్గదు. టాంజానియా పిక్కనుకూడ ఇంత చక్కగా తీయగల చేతులని అది పెరుగును. ఉద్దానమని వ్రాసిన పొట్లమునకు వచ్చు అదనపు ధరలో రైతు వాటా ఎంతయో బస్తా కొనునప్పుడే తేలవలెను.

సరిహద్దు గీయునప్పుడు ఔబ్ ప్రాంతపు పాఠము మరువరాదు. సీతంపేట కొండలలో గిరిజనులు పెంచు జీడితోటలున్నవి. సరిహద్దు దాటగానే ఒడిశాలోని గంజాం జిల్లాలో అదే జీడి పండుచున్నది. వీరిని ఏ పేరుక్రింద చేర్చవలెనో, ఎవరికి వేరుపేరు మర్యాదయో వారినే కూర్చుండబెట్టి అడిగి నిర్ణయింపవలెను. దరఖాస్తు వ్రాయు సంఘములో పరిశ్రమల యజమానులతోపాటు రైతులును, పిక్కలు కొట్టు స్త్రీల ప్రతినిధులును ఉండవలెను. లేనిచో పేరు రక్షింపబడును గాని, ఆ పేరు చేసినవారు రక్షింపబడరు.

చౌకసరకు చౌకపేరుతో అమ్ముకొన్నచో పేదవాడును నాలుగు పలుకులు పాయసములో వేసికొనును గదా, ఈ పేర్ల పట్టుదల ధనికుల కొరకేనా అని ఎవరైన అడుగవచ్చును. చౌకగా అమ్ముటను నేను మనసారా కోరుదును. కాని చౌకసరకునకు పెద్దపేరు తగిలించి ఎక్కువ ధర గుంజినప్పుడు మొదట నష్టపోవువాడు ఆ పేదకొనుగోలుదారే. ఉన్నదున్నట్లు చెప్పిన పొట్లమే అతనికి మేలుచేయును.

పలాస, కాశీబుగ్గ వర్తకసోదరులకు నా విన్నపమొక్కటే. మీ పేరును దూరనగరములలో ఎవరో వాడుకొనుచున్నారని మీరు బాధపడుచున్నారు. ఆ బాధ న్యాయమైనది. ఆ బాధతో మీరు ఒకరి తలుపు తట్టుటకు ముందు, ఉద్దానపు రైతు పేరును మీ పొట్లముమీద ఎట్లు వాడుచున్నారో చూచుకొనుడు. కొనువారలారా, రైలుపెట్టె కిటికీకడ పొట్లము చేతికి వచ్చినప్పుడు ధరతోపాటు, పిక్క ఎక్కడిదని ఒక్కమాట అడుగుడు. ఆ ప్రశ్న పదిమంది అడిగిననాడు దాని జవాబు పొట్లముమీద అచ్చుపడును.